పాత టోపీల పాఠాలు – 4: హోంబర్గ్ బ్రిమ్ మలుపు, అంచు పని

గత పాఠంలో ఫెల్ట్‌ను, అంటే నేయకుండా బొచ్చునో ఉన్నినో నొక్కి చేసే టోపీ గుడ్డను, చేత్తో పట్టి, అది కుందేలు బొచ్చుదో గొర్రె ఉన్నిదో చెప్పడం నేర్చుకున్నాం. ఈసారి ఆ ఫెల్ట్ చివరికి వెళ్దాం. హోంబర్గ్ అంటే నడినెత్తిన ఒకే గుంట, పైకి తిరిగిన గట్టి అంచు ఉన్న ఫెల్ట్ టోపీ. హోంబర్గ్ చేతికి రాగానే చాలామంది ముందు నడినెత్తి మీది పొడవాటి గుంటను చూస్తారు. మీరు మాత్రం ముందు అంచు చూడండి. గుంటదేముంది, కాస్త ఆవిరి పట్టించి అరచేతి అంచుతో నొక్కితే ఏ ఫెడోరాకైనా (ముందు వైపు రెండు పక్కలా నొక్కులుండే మెత్తటి ఫెల్ట్ టోపీ) పడుతుంది. బ్రిమ్, అంటే టోపీ చుట్టూ చాచుకుని ఉండే రెక్క, దాని చివరి మలుపు అలా ఇంట్లో కుదిరే పని కాదు. ఎందుకు కుదరదో అర్థమైతే ఈ పాఠంలో సగం వచ్చేసినట్టే.

ఈ టోపీకి పేరిచ్చిన ఊరు జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గరున్న బాడ్ హోంబర్గ్. 1880ల్లో అక్కడి ఊటనీళ్ల కోసం వెళ్లిన బ్రిటన్ యువరాజు, అంటే తర్వాత రాజైన ఏడో ఎడ్వర్డ్, దీన్ని పెట్టుకుని తిరిగి వచ్చాక ఫ్యాషన్ అయింది. 1930ల్లో బ్రిటన్ రాజకీయ నాయకుడు ఆంథనీ ఈడెన్ పట్టు అంచు బ్రిమ్ ఉన్న నల్ల హోంబర్గ్ పెట్టడంతో లండన్‌లో దానికి ఆయన పేరే స్థిరపడింది. 1953 జనవరిలో ఐజన్‌హోవర్ అమెరికా అధ్యక్షుడిగా ప్రమాణ స్వీకారానికి టాప్ హ్యాట్ మానేసి హోంబర్గ్‌తో వచ్చాడు. చరిత్రకు ఈపాటి చాలు, పనిలోకి దిగుదాం.

మలుపు ఎలా నిలుస్తుంది?

బ్రిమ్ గట్టిగా ఉండటానికి కారణం లక్క. మోదుగ, రేగు లాంటి చెట్ల కొమ్మల మీద లక్క పురుగులు పెట్టే బంకను శుద్ధి చేస్తే షెల్లాక్ వస్తుంది. అందులో చాలా భాగం మన దేశం నుంచే ఓడలెక్కి వెళ్లేది. టోపీలవాళ్లు దాన్ని స్పిరిట్‌లోనో బోరాక్స్ నీళ్లలోనో కరిగించి ఫెల్ట్‌కు పట్టించేవాళ్లు. హైదరాబాద్ లాడ్ బజార్‌లో లక్క గాజులు చేసేవాళ్లను చూసే ఉంటారు. వేడి తగిలితే లక్క మెత్తబడి చెప్పినట్టు వంగుతుంది, చల్లారితే అలాగే బిగుసుకుపోతుంది. హోంబర్గ్ అంచులో జరిగేదీ అదే. అందుకే మరక పోగొడదామని పాత హోంబర్గ్ అంచును స్పిరిట్‌తో తుడవకండి. మరక సంగతి దేవుడెరుగు, లక్క కరిగి అక్కడ ఫెల్ట్ మెత్తబడి తెల్లటి మచ్చలు తేలుతాయి.

కానీ లక్క ఒక్కటే చాలదు. చిన్న లెక్క చేద్దాం. తల చుట్టుకొలత 58 సెంటీమీటర్లు, బ్రిమ్ వెడల్పు 6 సెంటీమీటర్లు అనుకోండి. బ్రిమ్‌ను బల్లపరుపుగా పరిస్తే బయటి అంచు చుట్టూ దాదాపు 96 సెంటీమీటర్లు ఉంటుంది. ఇప్పుడు ఆ అంచును పైకి లేపి, 6 మిల్లీమీటర్లు లోపలికి వచ్చేలా చుట్టారు. చుట్టుకొలత 2 × 3.14 × 6, అంటే సుమారు 38 మిల్లీమీటర్లు తగ్గుతుంది. అంచు ఇప్పుడు 92 సెంటీమీటర్ల దారిలో ఇమడాలి. మిగిలిన నాలుగు సెంటీమీటర్ల ఫెల్ట్ ఎక్కడికి పోవాలి? కాగితమైతే ముడతలు పడుతుంది. ఫెల్ట్‌ను తడి, వేడి, ఒత్తిడి కలిపి ఓపిగ్గా కుదించవచ్చు. ఫ్యాక్టరీలో వేడి ఇనుప పనిముట్లతో, చెక్క అచ్చు మీద చుట్టూ తిప్పుతూ ఈ కుదింపు చేసేవాళ్లు. ఇంట్లో చేత్తో తిప్పిన అంచులో ఆ నాలుగు సెంటీమీటర్లు అలలుగా మిగిలిపోతాయి. టోపీని కంటి ఎత్తులో పట్టుకుని మెల్లగా తిప్పండి. అంచు గీత ఎక్కడా వణకకుండా సాగితే అది చెయ్యి తిరిగినవాడి పని.

మలుపుల పేర్లు

ఇక్కడ అందరూ రెండు విషయాలు కలిపేస్తారు. ఒకటి, బ్రిమ్‌ను అడ్డంగా కోస్తే కనిపించే మలుపు. రెండోది, పక్క నుంచి చూస్తే బ్రిమ్ మొత్తం ఎటు లేచి ఎటు వాలిందనేది. రెంటినీ విడివిడిగా రాసుకోండి.

మలుపు విషయానికొస్తే హోంబర్గ్‌కు సొంతమైనది కెటిల్ కర్ల్. క్రౌన్ (టోపీలో తల పట్టే భాగం) నుంచి బయలుదేరిన బ్రిమ్ క్రమంగా పైకి లేస్తూ, చివర గుండ్రంగా లోపలికి ఒరుగుతుంది. చుట్టూ ఎక్కడా తెగదు. పెన్సిల్ కర్ల్ సన్నం, బిగువు: బ్రిమ్ చాలా దూరం తిన్నగా వెళ్లి చివర్లో మాత్రమే చుట్టుకుంటుంది. మామూలు పెన్సిల్ మందం 7 మిల్లీమీటర్లు. దాన్ని మలుపు గాడిలో పడుకోబెట్టండి. గాడి పెన్సిల్‌ను పట్టి ఉంచితే పెన్సిల్ కర్ల్ అనుకోవచ్చు, పెన్సిల్ అటూ ఇటూ దొర్లితే కెటిల్ వైపు మొగ్గినట్టు. మధ్యరకాలు బోలెడుంటాయి. ఖచ్చితంగా పేరు పెట్టాల్సిందేనని టెన్షన్ పడకండి, కొలత రాసుకుంటే చాలు.

ఇక డోర్సే. 19వ శతాబ్దపు సోగ్గాడు, ఫ్రెంచి కౌంట్ ఆల్ఫ్రెడ్ డోర్సే పేరు మీద వచ్చింది. ఇది రెండో విషయానికి చెందిన మాట: పక్కలు పైకి లేచి, ముందూ వెనకా కిందికి వాలడం. కాబట్టి ఒకే టోపీకి కెటిల్ మలుపూ, డోర్సే వాలూ రెండూ ఉండొచ్చు. అమ్మేవాళ్లు ఒకదాని పేరు రెండోదానికి పెట్టేస్తుంటారు. పేరు నమ్మొద్దు, పక్క నుంచి తీసిన ఫోటో ఒకటి, ఎదురుగా తీసినది ఒకటి అడగండి.

అంచు పని

మలుపు తిరిగాక కోసిన ఫెల్ట్ అంచు పైకి, కంటికి ఎదురుగా వస్తుంది. దాన్ని అలా వదిలేస్తే మోటుగా ఉంటుంది, వేలు తగిలి తగిలి నూగు రేగుతుంది. అందుకే హోంబర్గ్‌కు రిబ్బన్ పైపింగ్ దాదాపు తప్పనిసరి. రిబ్బన్‌ను సగానికి మడిచి అంచును అందులో ఇమిడ్చి కుడతారు. రిబ్బన్ కూడా ఆ వంపు తిరగాలి కదా. సన్నటి పళ్లలాంటి అంచున్న పీటర్‌షామ్ రిబ్బన్ ఆవిరికి వంగుతుంది. తిన్నటి అంచున్న మామూలు గ్రోస్‌గ్రెయిన్ మొండికేస్తుంది, కొత్తగా వేసిన చౌక పైపింగ్‌లో సన్నటి ముడతలు కనిపించేది అందుకే.

పైపింగ్ పాతదేనా అని చూడాలంటే భూతద్దం తీసుకోండి. పాత పైపింగ్ మొదట చిరిగేది సరిగ్గా మడత మీద, ఎందుకంటే టోపీ పెట్టేటప్పుడూ తీసేటప్పుడూ వేళ్లు పడేది అక్కడే. తర్వాత క్రౌన్ చుట్టూ ఉన్న రిబ్బన్ రంగుతో పోల్చండి. అది గోధుమరంగుకు తిరిగిపోయి, పైపింగ్ మాత్రం నిగనిగలాడే నలుపులో ఉంటే తర్వాత ఎవరో మార్చారని అర్థం. పైపింగ్ పక్కన ఫెల్ట్‌లో దారం లేని సూది రంధ్రాల వరస కనిపిస్తే ఇక అనుమానమే అక్కర్లేదు. మార్చడం తప్పేమీ కాదు. చక్కగా మార్చిన పైపింగ్‌ను నేను గౌరవిస్తాను. అమ్మేవాళ్లు ఆ మాట చెప్పకుండా దాచడమే తప్పు.

మిగతా అంచు రకాలు ఫెడోరాల్లోనే ఎక్కువ, క్లుప్తంగా చెబుతాను. కోసి వదిలేసిన పచ్చి అంచు ఒకటి. అంచును మడిచి కుట్టేది వెల్ట్, మడత పైకి కనిపిస్తే ఓవర్‌వెల్ట్, కిందికైతే అండర్‌వెల్ట్. వీటన్నిట్లో నాకు అబ్బురం కావనా అంచు. అమెరికాలో కావనా టోపీలతో పేరొచ్చిన ఈ పద్ధతిలో మడతను కుట్టరు, ఫెల్ట్‌లోకే కలిపేస్తారు. వేలితో తడిమితే అంచు మందంగా తెలుస్తుంది, కుట్టు మాత్రం ఎంత వెతికినా దొరకదు. హోంబర్గ్ అని అమ్ముతున్న టోపీకి పచ్చి అంచు ఉంటే మాత్రం క్రౌన్ ముందు రెండు పక్కలా వెలుతురుకు పట్టి చూడండి. పాత నొక్కుల జాడ ఉంటే అది గుంట మార్చిన ఫెడోరా అయ్యే అవకాశమే ఎక్కువ.

ఈ వారం అభ్యాసం

ఎలక్ట్రానిక్స్ షాపులో దొరికే మెత్తటి సోల్డరింగ్ తీగ జానెడు కొనండి. అందులో సీసం ఉండొచ్చు, పనయ్యాక చేతులు కడుక్కోండి. తీగను బ్రిమ్ కింది వైపు నుంచి ఆనించి, మలుపు చుట్టూ వేలితో మెల్లగా నొక్కండి. ఆకారం చెడకుండా పక్కకు తీసి, కాగితం మీద పెట్టి పెన్సిల్‌తో గీయండి. ఇలా ముందు, ఎడమ పక్క, వెనక, మూడు చోట్ల చేయండి. మూడు గీతల్లో మలుపు ఎత్తు, గాడి వెడల్పు మిల్లీమీటర్లలో రాయండి. మూడూ ఒకేలా ఉంటే మలుపు ఆరోగ్యంగా ఉంది. వెనక గీత ఒక్కటే చదునుగా వస్తే టోపీని చాన్నాళ్లు బ్రిమ్ మీద ఆనించి పెట్టారన్నమాట. ఇకనుంచి బోర్లించకుండా, తలకిందులుగా క్రౌన్ మీదే పెట్టండి.

చదునైన చోటును లేపాలని చెయ్యి దురద పెడితే ముందు ఏదైనా చవక ఉన్ని టోపీ మీద సాధన చేయండి. మరుగుతున్న కెటిల్ ఆవిరికి జానెడు దూరంలో కొన్ని సెకన్లు, అంతే. వెంటనే గాడిలో నున్నటి కర్ర పెట్టి, బొటనవేలితో అంచును దాని మీదికి ఒత్తి, పూర్తిగా చల్లారేదాకా వదలకండి. సగం చల్లారాక వదిలితే మళ్లీ పడుకుంటుంది. లోపలి తోలు పట్టీకి ఆవిరి తగలకుండా చూసుకోండి, వేడికి తోలు ముడుచుకుపోయి టోపీ ఒక సైజు బిగుస్తుంది.

గీసిన మూడు గీతలూ దాచుకోండి. ఐదో పాఠంలో ఆ తోలు పట్టీని బయటికి తిప్పి, దాని వెనక కుట్టునూ సైజు చీటీనీ చదువుదాం.