చలికాలం తర్వాత ఎంజీబీ వైరింగ్‌లో చెయ్యి పెట్టే ముందు

ఇంగ్లండ్‌లో ఏప్రిల్ వచ్చి, రోడ్ల మీద చల్లిన ఉప్పు వానలకు కొట్టుకుపోయాక, అన్నాళ్లూ గ్యారేజీలో కవరు కింద పడుకున్న ఎంజీబీని (పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) బయటికి తీసి తాళం తిప్పితే ఏదో ఒకటి పని చేయదు. ఇండికేటరో, పెట్రోల్ పంపో, ఒక్కోసారి బండి మొత్తమో. వెంటనే ఈ కార్ల ఎలక్ట్రికల్ సామాను చేసిన లూకాస్ కంపెనీ మీద పాత జోకులు మొదలవుతాయి. నాకైతే అవి అన్యాయం అనిపిస్తాయి. 1962 నుంచి 1980 దాకా అబింగ్డన్‌లో తయారైన ఈ కార్ల వైరింగ్ చాలా సింపుల్. దాన్ని చెడగొట్టింది ఎక్కువగా తుప్పు, ఆ తర్వాత ఏ పాత ఓనరో టేపు చుట్టి వదిలేసిన జాయింట్లు.

పైగా నలభై ఏళ్లు దాటి, పెద్ద మార్పులేవీ చేయని కార్లకు 2018 మే నుంచి ఇక్కడ ఎంఓటీ, అంటే బండి రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందో లేదో ఏటా చూసే పరీక్ష, తప్పనిసరి కాదు. ఆఖరి ఎంజీబీకి కూడా ఆ వయసు ఎప్పుడో దాటింది. అంటే ఏడాదికోసారైనా బయటి మనిషి చూసి చెప్పే అవకాశం పోయింది, చూసుకుంటే మనమే చూసుకోవాలి.

అన్నిటికంటే ముందు భయపడాల్సింది బ్రౌన్ వైరుకి. అది బ్యాటరీ వైపు నుంచి నేరుగా వస్తుంది, మధ్యలో ఫ్యూజు ఉండదు, తాళం జేబులో ఉన్నా దాంట్లో కరెంటు ఉంటుంది. స్పానర్ ఒక చివర బ్రౌన్ టెర్మినల్‌కీ, ఇంకో చివర బాడీకీ తగిలిందా, వైర్ల కట్ట మొత్తం కాలిపోవడానికి ఎంతోసేపు పట్టదు. తెల్ల వైరు తాళం తిప్పితే గానీ బతకదు, కానీ దానికీ ఫ్యూజు లేదు. ఆకుపచ్చ, ఊదా వైర్లకు ఫ్యూజు ఉంది. నలుపు ఎర్త్, అంటే కారు బాడీకి కలిపే వైరు. వైపర్లు, ఇండికేటర్లు, బ్రేక్ లైట్లు, పెట్రోల్ ముల్లు అన్నీ ఒకేసారి ఆగిపోతే ఒక్కోదాన్నీ విప్పుకుంటూ కూర్చోకండి, ఆకుపచ్చ వైర్ల ఫ్యూజు చూడండి చాలు.

కాబట్టి ఉంగరం, లోహపు పట్టీ ఉన్న వాచీ తీసేసి, సీట్ల వెనక మూత ఎత్తి బ్యాటరీ విప్పండి. 1974 దాకా వచ్చిన వాటిలో అక్కడ రెండు ఆరు వోల్టుల బ్యాటరీలు ఉంటాయి. ముందు ఎర్త్ తీగే విప్పాలి, బిగించేటప్పుడు ఆఖరున అదే. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు: 1967 చివరిదాకా వచ్చిన కార్లలో ఎర్త్ అంటే ప్లస్. తర్వాత చాలా బళ్లను మైనస్ ఎర్త్‌కి మార్చేశారు, అందుకని తయారైన ఏడాదిని నమ్మకుండా, బాడీకి బోల్టు వేసి ఉన్న తీగ బ్యాటరీ మీద ఏ గుర్తు దగ్గరికి వెళ్తోందో కళ్లతో చూడండి. ప్లస్ ఎర్త్ బండిలో ఈ కాలపు రేడియో పెడితే దాని ఇనుప డబ్బా డ్యాష్‌బోర్డుకి తగలగానే షార్ట్ అవుతుంది. పక్క కారుతో జంప్ స్టార్ట్ చేస్తే రెండు బాడీలూ ఒకదానికొకటి ఆనకూడదు.

పెట్రోల్ వాసన వస్తుంటే మాత్రం టెర్మినల్ జోలికే పోవద్దు. పెట్రోల్ పంపు ఉండేది కూడా వెనకే, బ్యాటరీల పక్కనే. తలుపులు తెరిచి, గాలి ఆడనిచ్చి, లీకు సంగతి తేల్చాకే మిగతాది.

కొన్ని పరీక్షలు కరెంటు ఉండగానే చేయాలి. ఇంజన్ ఆపి తాళం ఆన్‌లో వదిలేస్తే స్పార్క్ ప్లగ్గులకు కరెంటు పంపే కాయిల్ వేడెక్కిపోతుంది, అందుకని కాయిల్ దగ్గర తెల్ల వైరు పీకి, దాని కొన బాడీకి తగలకుండా టేపు చుట్టి పెట్టండి. మల్టీమీటర్‌ని ఆంపియర్ల మీద ఉంచి బ్యాటరీ రెండు కొనలకీ ఆనించకూడదు, అది మీటర్‌తో షార్ట్ చేయడమే. నిండుగా ఛార్జయి కాసేపు ఆగిన బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర చూపించాలి.

స్టార్టర్ నీరసంగా తిరుగుతూ, చల్లబడ్డ ఇంజన్ స్టార్ట్ చేసేటప్పుడు లాగే చోక్ కేబుల్ పట్టుకుంటే వేడిగా ఉందంటే బ్యాటరీ కొనడానికి బయల్దేరకండి. ఇంజన్ కూర్చునేది రబ్బరు మౌంటింగుల మీద, దానికి బాడీతో కరెంటు సంబంధం ఒక అల్లిన రాగి పట్టీ ద్వారానే. ఆ పట్టీ చివర తుప్పు పడితే స్టార్టర్ కరెంటంతా సన్నటి చోక్ కేబుల్ గుండా వెనక్కి పోవాలని చూస్తుంది, పొగ కూడా వస్తుంది. బోల్టు విప్పితే కింద పట్టీ పచ్చగా, పొడిపొడిగా రాలుతుంది. పట్టీనీ, బాడీనీ మెరిసేదాకా గీకి బిగించి, పైన కాస్త గ్రీజు రాయండి. వైర్లను కలిపే, తూటా ఆకారపు కొనలుండే బుల్లెట్ కనెక్టర్లదీ ఇదే జబ్బు, లాగి చూస్తే బుల్లెట్ మీద తెల్లటి పొర కనిపిస్తుంది. వైరు పట్టుకుని లాగితే తెగి చేతికొస్తుంది, బుల్లెట్‌నే పట్టుకుని మెలితిప్పుతూ లాగాలి.

ఫ్యూజు దగ్గర ఒక మోసం ఉంది. లూకాస్ గాజు ఫ్యూజు మీద 35 అని ఉంటే అది కాలిపోయే లెక్క, నిలకడగా మోసేది 17 ఆంపియర్లే. నిలకడగా 35 మోసే ఫ్యూజు తెచ్చి పెడితే ఫ్యూజు కంటే ముందు వైరు కాలుతుంది. సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టేవాళ్ల గురించి చెప్పేదేముంది!

అంతా బిగించాక మొదటి రోజే లాంగ్ డ్రైవ్ పెట్టుకోవద్దు. హెడ్‌లైట్లు వేసుకుని ఊళ్లోనే నాలుగు వీధులు తిరిగొచ్చి, ఇంజన్ ఆపి బానెట్ ఎత్తి ఫ్యూజు బాక్సునీ, వెనక్కి వెళ్లి మీరు విప్పి బిగించిన జాయింట్లనూ చేత్తో తాకి చూడండి. ఏదైనా వేడిగా తగిలితే ఆ రోజుకి బ్యాటరీ ఎర్త్ విప్పి ఉంచేయండి.