పార్ట్ సెట్ కావట్లేదా? ముందు ఇంజన్ ఏదో తేల్చుకోండి

విశాఖ గాజువాక ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల కౌంటర్‌లో కూర్చుంటే తరచూ కనిపించే దృశ్యం ఇది. ఒకాయన కవర్లోంచి కొత్త టైమింగ్ బెల్ట్ (ఇంజన్ వాల్వులు సరైన సమయానికి తెరుచుకునేలా చూసే బెల్ట్) తీసి, "2010 వ్యాగన్ ఆర్ అని చెప్పే కొన్నానండీ, మెకానిక్ మన బండికి కాదంటున్నాడు" అన్నారు. ఆర్సీ చూస్తే ఇంజన్ నంబరు కే10బి అని మొదలైంది. ఆ ఇంజన్‌కి టైమింగ్ బెల్టే ఉండదు, చైన్ ఉంటుంది. బయటికి కనిపించే బెల్ట్ ఆల్టర్నేటర్ లాంటివాటిని తిప్పేది.

సమస్య: మోడల్, సంవత్సరం సరిగ్గానే చెప్పినా పార్ట్ సరిపోలేదు

కారణం: ఒకే పేరుతో వేర్వేరు ఇంజన్లు రావడం. వ్యాగన్ ఆర్‌లో ముందు ఎఫ్10డి ఉండేది: 1061 సీసీ, నాలుగు సిలిండర్లు, టైమింగ్ బెల్ట్. 2010లో కే10బి వచ్చింది: 998 సీసీ, మూడు సిలిండర్లు. 2019 మోడల్లో అయితే 1.0, 1.2 లీటర్లు రెండూ అమ్మారు. స్విఫ్ట్ పెట్రోల్ కూడా అంతే. 2005లో 1298 సీసీతో వచ్చి, 2010లో 1197 సీసీ కే12ఎంకి మారింది. పైగా మనం చెప్పే సంవత్సరం చాలాసార్లు రిజిస్ట్రేషన్‌ది. 2009 చివర్లో తయారైన బండికి 2010లో ఏపీ 31 నంబరు పడి ఉండొచ్చు.

పరిష్కారం: ఆర్సీలో ఇంజన్ నంబరు మొదటి నాలుగు అక్షరాలు, సీసీ చూడండి. కే10బిలో 10 అంటే 1.0 లీటరు, కే12ఎంలో 12 అంటే 1.2. ఆర్సీ దగ్గర లేకపోతే బానెట్ ఎత్తి ఇంజెక్టర్లు (పెట్రోల్ చిమ్మేవి) లెక్కపెట్టండి. మూడుంటే మూడు సిలిండర్లు, నాలుగుంటే నాలుగు. డ్యూయల్‌జెట్ ఇంజన్లలో మాత్రం ఈ లెక్క తప్పుతుంది, సిలిండర్‌కి రెండేసి ఉంటాయి.

సమస్య: ఇంజన్ మీద నంబరు కనపడట్లేదు

మన విశాఖలో ఇది మామూలే. బీచ్ రోడ్డు పక్కన ఆరుబయట నిలబెట్టే బండి అయితే మరీను. ఆయిల్ జిడ్డు మీద దుమ్ము పేరుకుని, దానికి ఉప్పుగాలి తోడై గట్టి పొరలా అతుక్కుంటుంది.

నంబరు సాధారణంగా బ్లాక్ (సిలిండర్లుండే ఇంజన్ ప్రధాన భాగం) మీద, గేర్‌బాక్స్ కలిసే చోటు దగ్గర చెక్కి ఉంటుంది. ఇంజన్ పూర్తిగా చల్లారాక కిరోసిన్‌లో తడిపిన గుడ్డ దానిమీద పది నిమిషాలు ఉంచి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. ఆరాక సుద్దముక్క అడ్డంగా రాసి, పైపైన వేలితో తుడిచేస్తే గాట్లలో తెల్లగా అక్షరాలు తేలతాయి. ఫోన్ టార్చ్ ఎదురుగా కాకుండా పక్కనుంచి వేసి ఫొటో తీయండి. ఎమరీ పేపర్, గ్రైండర్ మాత్రం దగ్గరికి కూడా రానివ్వొద్దు. నంబరు అరిగితే రేపు బండి అమ్మేటప్పుడు మీరే సంజాయిషీ చెప్పుకోవాలి.

సమస్య: డీజిల్ బండి, సీసీ కలిసింది, టర్బో కలవలేదు

మారుతి 1.3 డీజిల్‌లో ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. స్విఫ్ట్, డిజైర్‌లలో వచ్చింది 75 పీఎస్ (ఇంజన్ శక్తి కొలత) ఇంజన్. ఎర్టిగా, సియాజ్‌లలో 90 పీఎస్‌ది, దానికి వేరియబుల్ జ్యామెట్రీ టర్బో (ఇంజన్‌లోకి గాలి నెట్టే టర్బోలో, రెక్కల కోణం మారే రకం). రెండూ 1248 సీసీయే, కాబట్టి ఆర్సీలో సీసీ చూసి లాభం లేదు. టర్బో మీదున్న ప్లేట్ నంబరు ఫొటో తీసి షాపులో చూపించండి.

సమస్య: ఆర్సీలో ఒక నంబరు, బ్లాక్ మీద ఇంకోటి

ఎవరో ఇంజన్ మార్చారన్నమాట. మీ బండే అయితే ఇంజన్ కొన్న బిల్లు పట్టుకుని ఆర్టీవో ఆఫీసుకెళ్లి ఆర్సీలో నమోదు చేయించుకోండి, ఇన్సూరెన్స్‌ వాళ్లకీ చెప్పండి. కొనబోయే బండి అయితే, ఆ మార్పు ఆర్సీలోకి ఎక్కేదాకా అడ్వాన్స్ ఇవ్వకండి.