పొరపాటు ఎక్కడ పొంచి ఉంటుంది? పాఠం 3: ఒక్క స్టెప్పును విప్పి చూడటం

పోయిన పాఠంలో ఒక పనిని స్టెప్పులుగా విడగొట్టి రాసుకున్నాం. ఈసారి అందులో ఒక్కటే తీసుకుని, అక్కడ మనిషి ఎన్ని రకాలుగా తప్పగలడో చూద్దాం. మీ కాగితంలో ఎక్కడైనా 'జాగ్రత్తగా చేయాలి' అని ఉంటే ముందు కొట్టేయండి. ఆ మాట వల్ల ఒక్క ప్రమాదమూ ఆగదు.

చిత్తూరు చుట్టుపక్కల పాల డెయిరీలు చాలానే ఉన్నాయి కదా, అక్కడి పనే చూద్దాం. పాలు చల్లబరిచే పెద్ద ప్లాంట్లలో చల్లదనం కోసం ఎక్కువగా అమోనియా అనే ఘాటైన విషవాయువు వాడతారు. దాన్ని నొక్కి పంపే కంప్రెసర్ యంత్రంలోని ఆయిల్ కొంత అమోనియాతో పాటు కొట్టుకొస్తుంది. ద్రవ అమోనియా కన్నా బరువు కాబట్టి ట్యాంకు అడుగున చేరుతుంది. అప్పుడప్పుడు దాన్ని తీసేయాలి. కాగితం మీద స్టెప్పు ఇంతే: వాల్వు తెరువు, ఆయిల్ పట్టు, మూసెయ్.

ఇప్పుడు ప్రశ్నలు వేయండి. అసలు చేయకపోతే? పక్క వాల్వు తిప్పితే? ఎక్కువ తెరిస్తే? మొదటిదానికి జవాబు తేలికే. ఆయిల్ పేరుకుని చల్లదనం తగ్గుతుంది, ఒక్కరోజులో కొంపలేమీ మునగవు. 'ఎక్కువ తెరిస్తే' దగ్గర కాసేపు ఆగండి. చల్లటి ఆయిల్ చిక్కగా ఉండి సన్నగా కారుతుంది. నైట్ షిఫ్టులో ఒక్కడే ఉన్న ఆపరేటరు ఏం చేస్తాడు? వాల్వు ఇంకాస్త తిప్పుతాడు. ఈలోపు రీడింగులు రాసుకొద్దామని పక్కకెళతాడు. ఆయిల్ అయిపోగానే అక్కడినుంచే అమోనియా ఎగజిమ్ముతుంది. వాల్వు మూయాలంటే ఆ గ్యాసులోకే పోవాలి.

అందుకే చెయ్యి తీస్తే తనంతట తానే మూసుకునే స్ప్రింగ్ వాల్వు ఒకటి అదనంగా పెడతారు. మంచి ఏర్పాటే. కానీ దాని పిడికి ఎవరైనా బైండింగ్ వైరు కట్టారేమో వెళ్లి చూడండి. కట్టి ఉంటే తిట్టకండి. అంతసేపు ఆ చల్లటి పిడి పట్టుకుని నిలబడటం ఎంత కష్టమో అడగండి.

తర్వాతి ప్రశ్న: తప్పు జరిగితే తెలుస్తుందా? 1979 మార్చి 28న అమెరికాలోని త్రీ మైల్ ఐలాండ్ అణు విద్యుత్ కేంద్రంలో ఒక రిలీఫ్ వాల్వు (ఒత్తిడి పెరిగితే తెరుచుకునేది) తెరుచుకుని అలాగే ఇరుక్కుపోయింది. కంట్రోల్ రూములో దాని లైటు మాత్రం ఆరిపోయింది. మూసుకోమని ఆదేశం వెళ్లిందన్న సంగతే ఆ లైటు చెప్పగలదు. ఆపరేటర్లు వాల్వు మూసుకుందనుకున్నారు. రెండు గంటలకు పైగా కూలింగ్ నీరు పోతూనే ఉంది, రియాక్టర్ కోర్ కొంతమేర కరిగిపోయింది. మీ ప్లాంటులో ప్రతి లైటునూ ఇలాగే అనుమానించండి: ఇది జరిగినదాన్ని చూపిస్తోందా, మనం నొక్కిన బటన్నే చూపిస్తోందా?

చివరిది: ఆ తప్పుకు చోటే లేకుండా చేయొచ్చా? తిరుమలకు ఎక్కే బండ్లకు ఒక ఘాట్ రోడ్డు, దిగేవాటికి ఇంకొకటి. మలుపు తిరగ్గానే బస్సు ఎదురొస్తుందన్న టెన్షన్ ఉండదు. (దిగేటప్పుడు బ్రేకులు వేడెక్కే సమస్య మాత్రం అలాగే ఉంది. దానికి గేరే గతి.)

ఇక ఇంటిపని. మీ పనిచోట ఒక స్టెప్పు ఎంచుకుని ఈ ప్రశ్నలు వేయండి. ప్రతి తప్పు పక్కన అది ఎలా తెలుస్తుందో, దిద్దుకునే టైం ఉందో లేదో, ఏ పరిస్థితి ఆ తప్పు చేయిస్తుందో రాయండి. రాసింది సూపర్‌వైజరు కన్నా ముందు, ఆ పని రోజూ చేసేవాళ్లకు చూపించండి. వాళ్లు నవ్వితే ఎందుకు నవ్వారో కూడా రాసుకోండి. రెండు చిన్న తప్పులు ఒకే రాత్రి కలిస్తే ఏమవుతుందో వచ్చే పాఠంలో ఆ కాగితంతోనే చూద్దాం.