మీరు పెట్టని ప్రకటనలు మీ బ్లాగులో కనిపిస్తే

ఏళ్ల తరబడి ఒక్క ప్రకటన కూడా పెట్టకుండా నడుపుకుంటున్న బ్లాగులో, టపా చదవబోయి తెరమీద వేలు ఆనించగానే రమ్మీ ఆట పేజీ తెరుచుకుంటోందని ఒక పాఠకుడు రాస్తే, మనం వెంటనే మన కంప్యూటర్లో బ్లాగు తెరిచి చూసుకుని, అంతా సవ్యంగానే ఉండటంతో "లోపం మీ ఫోనులో ఉన్నట్టుంది" అని జవాబిస్తాం. నేను ఇద్దరికి అలాగే జవాబిచ్చి, మూడో ఆయన స్క్రీన్‌షాట్ పంపాక సిగ్గుపడ్డాను. ఇలాంటి ప్రకటనలకు దారులు మూడు: బ్లాగుకు చోటిచ్చిన సేవ, మనమే ఎప్పుడో అతికించిన కోడ్, లేదా చదివేవారి బ్రౌజరు. వీటిలో ఏ దారో తేలకుండా బ్లాగు మూసలో (టెంప్లేట్‌లో) చెయ్యి పెట్టకూడదు.

అది తేల్చుకోవడానికి, లాగిన్ కాకుండా, ఇన్‌కాగ్నిటో కిటికీలో, వీలైతే ఇంట్లో మరొకరి ఫోనులో, వైఫై ఆపి మొబైల్ డేటా మీద బ్లాగు తెరవాలి. ఇంత పట్టింపు ఎందుకంటే, ఈ రకం స్క్రిప్టులు (పేజీతో పాటే దిగి నడిచే చిన్న ప్రోగ్రాములు) చాలావరకు ఫోనులకే ప్రకటన చూపుతాయి, అదీ మొదటి తాకిడికే. ఒకసారి చూపాక కుకీలో, అంటే బ్రౌజరు దాచుకునే చిన్న ఫైలులో, గుర్తు పెట్టుకుని కొన్ని గంటలపాటు, ఒక్కోసారి రోజంతా, ఊరుకుంటాయి. అందువల్ల రెండోసారి తెరిచినప్పుడు ఏమీ రాకపోతే సమస్య పోయిందని అనుకోవద్దు. ఆ ఫోనులో వార్తల సైట్లు, వంటల సైట్లు తెరిచినా అవే ప్రకటనలు వస్తుంటే మాత్రం బ్లాగుకు సంబంధం లేదు. క్రోమ్ సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్లకు ఏయే సైట్లకు అనుమతి ఉందో చూసి తెలియనివి తీసేయమని, అవసరం లేని యాప్‌లు తొలగించమని ఆ పాఠకుడికి చెబితే చాలు.

మీ బ్లాగు వర్డ్‌ప్రెస్ డాట్ కామ్‌లో ఉచిత పథకం మీద ఉంటే వెతుకులాట అక్కర్లేదు. ఉచిత బ్లాగుల మీద ప్రకటనలు చూపడం ఆ సేవ నిబంధనలలో ఉన్న విషయమే; లాగిన్ అయి ఉన్న మీకు అవి కనబడకపోవచ్చు కాబట్టే ఆశ్చర్యం కలుగుతుంది. అక్కడ ఉచిత పథకంలో బయటి స్క్రిప్టు అతికించే వీలు లేదు గనుక తప్పు మీది కాదు. వద్దనుకుంటే డబ్బు కట్టి పథకం మారాలి, లేదా టూల్స్‌లోని ఎక్స్‌పోర్ట్ ద్వారా టపాలూ వ్యాఖ్యలూ దింపుకుని వేరేచోటికి వెళ్లాలి.

గూగుల్ వారి బ్లాగర్ సంగతి వేరు. అక్కడ మీరు కోరకుండా గూగుల్ ప్రకటనలు పెట్టదు. ఎప్పుడో ఉత్సాహంలో యాడ్‌సెన్స్ (గూగుల్ ప్రకటనల సేవ) కలిపి మరిచిపోయారేమో ఎర్నింగ్స్ విభాగంలో ఒకసారి చూసుకోండి. అదేమీ లేకపోతే అనుమానమంతా అతికించిన కోడ్ మీదే.

లేఅవుట్ విభాగంలో పక్కపట్టీ తెరిచి, హెచ్‌టీఎంఎల్/జావాస్క్రిప్ట్ అని పేరున్న గాడ్జెట్లను (పట్టీలో అమర్చిన చిన్న పెట్టెలను) ఒక్కొక్కటిగా చూడండి. తొలినాళ్ల తెలుగు బ్లాగులలో ఈ పట్టీ ఒక చిన్న సంతలా ఉండేది: తెలుగు బ్లాగుల సంకలిని కూడలి బొమ్మ, తెలుగులో టైపు చేసుకునే లేఖిని లంకె, సందర్శకుల లెక్క, గడియారం, ఏ దేశం నుంచి ఎవరు వచ్చారో చూపే పటం. ఉత్త బొమ్మా లంకే అయితే వాటంతట అవి ప్రకటన తెరవలేవు. స్క్రిప్టు అలా కాదు. అది ప్రతిసారీ బయటి చిరునామా నుంచి కొత్తగా దిగుతుంది, ఆ చిరునామా గడువు తీరి ఇంకెవరో కొనుక్కుంటే వారు పంపిందే మీ బ్లాగులో నడుస్తుంది. నా బ్లాగులో దొంగ ఆ సందర్శకుల లెక్కే. పదేళ్లకు పైగా అంకెలు చూపించి, అంకెలు ఆగిపోయాక కూడా కోడ్ మాత్రం అక్కడే ఉండిపోయింది. ఇది ఔత్సాహికులకే జరిగే పొరపాటు కూడా కాదు: పాలీఫిల్ డాట్ ఐఓ అనే చిరునామా 2024లో చేతులు మారాక, అక్కడి స్క్రిప్టును వాడుకుంటున్న లక్షకు పైగా సైట్లు ప్రమాదంలో పడ్డాయి, ఫోనులో చూసేవారు పందేల సైట్లకు మళ్లించబడ్డారు.

గాడ్జెట్లలో ఏమీ దొరకకపోతే మూస చూడాలి. థీమ్ విభాగంలో ముందు బ్యాకప్ దింపుకోండి. ఈ ఒక్క పనిని బద్ధకించి మొత్తం మూస పాడుచేసుకున్నవారు చాలామంది ఉన్నారు. తరువాత ఎడిట్ హెచ్‌టీఎంఎల్ తెరిచి, స్క్రిప్ట్ అన్న మాటను ఇంగ్లీషులో టైపు చేసి వెతుకుతూ, దొరికినచోటల్లా అది ఏ చిరునామాను పిలుస్తోందో చదవండి. బ్లాగర్, గూగుల్ చిరునామాలు ఉంటే కంగారు పడనక్కర్లేదు. ఊరూ పేరూ లేని చిరునామాలు, చదవడానికి వీలులేని అక్షరాల ముద్దలు అనుమానించదగినవి. బయటి సైట్ల నుంచి తెచ్చుకున్న ఉచిత మూసలలో ఇంకో చిక్కు ఉంది: అడుగున ఉన్న తయారీదారు పేరు తీసేస్తే పేజీని వారి సైటుకు మళ్లించే కోడ్ కొన్నింటిలో దాచి ఉంటుంది. అలాంటి మూసను బాగుచేస్తూ కూర్చోవడం కన్నా బ్లాగర్ ఇచ్చే మూసకు మారిపోవడం నయం. అందం కాస్త తగ్గుతుంది, అంతే.

అనుమానం ఉన్న గాడ్జెట్లు నాలుగైదు ఉంటే అన్నీ ఒకేసారి కాక, ఒక్కొక్కటే తీసి, కుకీలు చెరిపి, ఫోనులో మళ్లీ చూడండి. తీసేముందు కోడ్‌ను ఒక నోట్‌ప్యాడ్‌లో దాచుకుంటే, నిర్దోషి అని తేలినదాన్ని తిరిగి పెట్టుకోవచ్చు. చివరగా, మొదట ఫిర్యాదు చేసిన పాఠకుడికే రాసి, అదే ఫోనులో రెండు మూడు రోజులు వేర్వేరు వేళల్లో తెరిచి చూడమని అడగండి. మీకు కనబడని ప్రకటన ఆయనకు కనబడింది కనుక, అది పోయిందని చెప్పవలసినది కూడా ఆయనే.