వీఎస్ కోడ్‌లో తెలుగు ఒత్తులు తెగిపోతున్నాయా?

కోడ్ రాసే ఎడిటర్ వీఎస్ కోడ్‌లో, కోడ్ మధ్యలో తెలుగు వాక్యాలు రాసేవాళ్లకు తెలిసిన చికాకే ఇది. "క్ష్మి", "స్త్రీ" లాంటి చోట కింది ఒత్తు సగం తెగి కనిపిస్తుంది, లేదా కింది వరుస గుడిదీర్ఘానికి తగులుతుంది. అక్షరదోషం ఉందో లేదో చూడటానికి కళ్లు చికిలించాలి. రెండు సెట్టింగులు మారిస్తే నాకు సరిపోయింది.

ముందు నోటో సాన్స్ తెలుగు ఫాంట్‌ను గూగుల్ ఫాంట్స్ నుంచి దింపుకుని ఇన్‌స్టాల్ చేయండి, ఉచితమే. ఎడిటర్‌ను ఒకసారి మూసి తెరవండి. కంట్రోల్, కామా కలిపి నొక్కితే సెట్టింగ్స్ వస్తాయి. అక్కడ ఫాంట్ ఫ్యామిలీ అని వెతికి, ఉన్న పేర్లను అలాగే ఉంచి, చివరి మోనోస్పేస్ అనే మాటకు ముందు ఈ ఫాంట్ పేరును ఇంగ్లిష్‌లో, సింగిల్ కోట్స్ మధ్య చేర్చి కామా పెట్టండి. దీన్ని అన్నిటికన్నా ముందు పెట్టకండి. పెడితే ఇంగ్లిష్ అక్షరాలు కూడా ఈ ఫాంట్‌లోకే మారి కోడ్ నిలువు వరుసలు చెదురుతాయి.

తర్వాత అదే సెట్టింగ్స్‌లో ఎడిటర్ లైన్ హైట్ (వరుస ఎత్తు) అని వెతికి, 0 తీసేసి 1.8 వేయండి. అసలు తేడా ఇక్కడే తెలుస్తుంది. 8 కంటే తక్కువ అంకెను ఫాంట్ సైజుతో గుణిస్తుంది, 8 నుంచి పైన ఏది వేసినా పిక్సెళ్లుగా తీసుకుంటుంది. చుక్క మర్చిపోయి 18 అని కొడితే వరుసలు ఇంకా ఇరుకవుతాయి.

కింద ఉండే టెర్మినల్‌కు (ఆదేశాలు టైప్ చేసే భాగానికి) మాత్రం ఇది పనిచేయదు. దాని ఫాంట్ సెట్టింగ్ వేరు, అది మార్చినా ఒత్తులు విడివిడిగా పడొచ్చు. తెలుగు అవుట్‌పుట్ సరిచూడాలంటే ఫైల్‌లోకి రాయించి ఎడిటర్‌లో తెరిచి చూడండి.