లేటెక్ నేర్చుకుందాం – 7వ పాఠం: పీడీఎఫ్‌లో తప్పు, సోర్సులో దాని చోటు

లేటెక్ అంటే, మనం టైపు చేసిన సోర్సు ఫైలును కంపైల్ చేసి (పేజీలుగా పేర్చి) పీడీఎఫ్‌గా ఇచ్చే వ్యవస్థ. పోయిన పాఠంలో పెద్ద పత్రాన్ని అధ్యాయానికో ఫైలుగా విడదీశాం. దాంతో కొత్త చిక్కు ఒకటి వచ్చిపడింది. పీడీఎఫ్‌లో ఎక్కడో ఒక అక్షరదోషం కనిపిస్తుంది. అది ఏ ఫైలులో, ఎన్నో వరుసలో ఉంది? ఎడిటర్‌లో ఆ మాటను వెతికితే అన్ని అధ్యాయాల్లోనూ దొరుకుతుంది. లేదా మాట మధ్యలో ఏదో ఆదేశం ఉండటం వల్ల అసలు ఎక్కడా దొరకదు. పీడీఎఫ్‌లోని చోటును సోర్సులోని వరుసతో జతచేసి ఈ అవస్థ తప్పించేదే సింక్‌టెక్.

దీన్ని జెరోమ్ లారెన్స్ రూపొందించారు. లేటెక్‌కూ, దాని అడుగున పనిచేసే టెక్ ఇంజన్‌కూ కావలసినవన్నీ ఒక్కచోట ఇచ్చే టెక్ లైవ్‌లో 2008లో చేరింది. అంతకుముందు డీవీఐ ఫైళ్లలో (పీడీఎఫ్‌కు ముందు టెక్ ఇచ్చే ఫలిత ఫైళ్లు) వరుస సంఖ్యలను గుర్తులుగా చొప్పించేవారు. పీడీఎఫ్‌ల కోసం పీడీఎఫ్‌సింక్ అనే ప్యాకేజీ ఉండేది. పత్రంలోకి ఇలా అదనపు గుర్తులు చేరితే ఒక్కోసారి పేజీ అమరికే కదిలిపోయేది. సింక్‌టెక్ పని ఇంజన్ లోపలే జరుగుతుంది, అమరికను ముట్టుకోదు. అందుకే తుది ప్రతికి ముందు దీన్ని ఆపేయాలా అన్న బెంగ అక్కర్లేదు.

టెక్‌వర్క్స్, టెక్‌స్టూడియో ఎడిటర్లు వాడేవారికి ఇది ముందే అమర్చి ఉంటుంది. కమాండ్ లైన్‌లో కంపైల్ చేసేవారు ఆదేశం పేరు తర్వాత ఒక ఖాళీ వదిలి, హైఫన్, synctex అన్న మాట, సమాన చిహ్నం, 1 అంకె వరుసగా, వాటి మధ్యలో ఖాళీ లేకుండా చేర్చాలి (-synctex=1). పీడీఎఫ్ పక్కన అదే పేరుతో కుదించిన ఫైలు ఒకటి తయారవుతుంది. ఇక పీడీఎఫ్‌లో తప్పు మీద క్లిక్ చేస్తే ఎడిటర్‌లో ఆ వరుస తెరుచుకుంటుంది. ఎలా క్లిక్ చేయాలన్నది వ్యూయర్‌ను బట్టి మారుతుంది: సుమాత్రాలో డబుల్ క్లిక్, ఆక్యులర్‌లో షిఫ్ట్ నొక్కి క్లిక్, ఎవిన్స్‌లోనూ టెక్‌వర్క్స్‌లోనూ కంట్రోల్ నొక్కి క్లిక్, మాక్‌లోని స్కిమ్‌లో కమాండ్, షిఫ్ట్ రెండూ నొక్కి క్లిక్. వ్యూయర్, ఎడిటర్ వేర్వేరు ప్రోగ్రాములైతే, ఏ ఎడిటర్‌ను పిలవాలో వ్యూయర్ సెట్టింగుల్లో ఒకసారి చెప్పాలి. సోర్సు నుంచి పీడీఎఫ్‌కు వెళ్లే దారి కూడా ఉంది, దాన్ని ఎడిటర్ మెనూలో చూడండి.

ఇంతవరకూ సులువే. క్లిక్ చేసిన మాట ఒకటైతే కర్సర్ ఇంకెక్కడో ఆగినప్పుడు చాలామంది దీన్ని పనికిరానిదని పక్కన పెట్టేస్తారు. అది తొందరపాటు. లోపల ఏం నమోదవుతుందో తెలిస్తే ఆ తేడాకు అర్థం ఉంటుంది.

టెక్ పేజీని పెట్టెలుగా, వాటి మధ్య ఖాళీలుగా పేరుస్తుంది. సింక్‌టెక్ ఒక్కో పెట్టె, ఒక్కో ఖాళీ పేజీలో ఎక్కడ ఉందో రాసుకుంటుంది. ఆ కొలత ఎంత సూక్ష్మమంటే, అచ్చు కొలతైన పాయింటులో 65,536వ వంతు; కంటికి కనిపించే కాంతి తరంగదైర్ఘ్యం కన్నా చిన్నది. అయితే సోర్సు వైపు రాసుకునేది ఫైలు, వరుస సంఖ్య మాత్రమే. వరుసలో ఎన్నో అక్షరమన్నది లెక్కలో ఉండదు. పేరా మొత్తాన్ని ఒకే పొడవైన వరుసగా టైపు చేస్తే, ఎక్కడ క్లిక్ చేసినా ఆ వరుసకే వెళతారు. వాక్యానికో వరుస చొప్పున రాయమని మొదటి పాఠం నుంచీ నేను పోరుతున్నది అందుకే కూడా.

మరో సంగతి. ఆ వరుస సంఖ్య, టెక్ ఆ క్షణంలో ఫైలును ఎంతవరకు చదివిందో చెప్పేది. కాబట్టి మీరు నిర్వచించుకున్న ఆదేశం వల్ల వచ్చిన మాటను క్లిక్ చేస్తే, దాన్ని వాడిన చోటికి వెళతారు, నిర్వచనం ఉన్న చోటికి కాదు. సమీకరణాలను ఒకదాని కింద ఒకటి సరిచేసి పేర్చే అలైన్ వంటి కొన్ని నిర్మాణాలు లోపలి పాఠం మొత్తాన్ని ముందే మింగి, ఆ తర్వాత పేరుస్తాయి. అందులో మొదటి సమీకరణాన్ని క్లిక్ చేసినా కర్సర్ చివరి వరుస దగ్గరే వాలుతుంది. విషయసూచికను క్లిక్ చేస్తే లేటెక్ తానే తయారుచేసుకున్న సహాయక ఫైలు తెరుచుకుంటుంది. అక్కడ దిద్దకండి, తర్వాతి కంపైల్‌లో మీ దిద్దుబాటు తుడిచిపెట్టుకుపోతుంది. అధ్యాయం ఫైలులో శీర్షికనే మార్చాలి.

అసలు క్లిక్ చేస్తే ఏమీ జరగకపోతే, కుదించిన ఆ ఫైలు ఉందో లేదో చూడండి. సహాయక ఫైళ్లను శుభ్రం చేసే ఆదేశం దాన్నీ ఊడ్చేసి ఉండవచ్చు, లేదా మీరు పీడీఎఫ్ పేరు మార్చి ఉండవచ్చు. ఫోల్డర్‌ను వేరే చోటికి తరలించినా పాత దారులే నమోదై ఉంటాయి కాబట్టి మళ్లీ కంపైల్ చేయాలి. పైన పది వరుసలు చేర్చి కంపైల్ చేయకుండా క్లిక్ చేస్తే, గురి కూడా పది వరుసలు తప్పుతుంది.

అభ్యాసం: ఒకే పేరాను రెండుసార్లు రాయండి, ఒకటి ఒకే వరుసగా, ఇంకొకటి వాక్యానికో వరుసగా. రెండింటిలోనూ చివరి మాటను క్లిక్ చేసి చూడండి. తర్వాత కమాండ్ లైన్‌లో సమాన చిహ్నం పక్కన 1 బదులు మైనస్ 1 ఇచ్చి కంపైల్ చేస్తే ఆ నమోదు ఫైలు కుదింపు లేకుండా వస్తుంది. దాన్ని ఎడిటర్‌లో తెరవండి. పైభాగంలో మీ ఫైళ్ల పేర్లు, ఒక్కోదానికి ఒక్కో సంఖ్య, వాటి కింద బారులు తీరిన అంకెలు కనిపిస్తాయి. మీ రెండు పేరాల వరుస సంఖ్యలు అందులో ఎక్కడున్నాయో పట్టుకోండి.