జర్నల్ రాద్దాం, అయిదో పాఠం: తీర్పులు ఆపి, జరిగింది రాయండి

జర్నల్, అంటే మన గురించి మనమే రోజూ రాసుకునేది, పొద్దున రాసేవాళ్లకు ఏ ప్రాంప్ట్‌లు (ఏం రాయాలో దారి చూపే ప్రశ్నలు) బాగుంటాయి, రాత్రి రాసేవాళ్లకు ఏవి అన్నది ఈసారి చెబుతానని పోయిన పాఠంలో అన్నాను. దాన్ని వాయిదా వేస్తున్నాను. నాలుగో పాఠం అభ్యాసానికి మీరు రాసి పంపినవి చదివాక, ముందు ఇంకో సంగతి తేల్చుకోకపోతే ఏ పూట ఏ ప్రశ్న ఇచ్చినా ఒకటేనని అర్థమైంది.

ఆ ప్రశ్న గుర్తుంది కదా: ఈ వారం నన్ను ఇబ్బంది పెట్టిన మాట ఏది, ఎందుకు ఇబ్బంది పెట్టింది? చాలామంది మొదటి సగాన్ని ఒక్క ముక్కలో దాటేసి నేరుగా రెండో సగం మీద పడ్డారు. ఒకరైతే రెండు పేజీలు రాశారు. నేను చాలా సెన్సిటివ్, చిన్నప్పటి నుంచీ ఇంతే, మనుషుల్ని తొందరగా నమ్మేస్తాను, నా మీద నాకే గౌరవం లేదు, అందుకే ఎవరైనా నన్ను ఏమైనా అనేస్తారు, ఇలా సాగింది. ఆ రెండు పేజీల్లో ఇబ్బంది పెట్టిన ఆ మాట మాత్రం లేదు. ఎవరన్నారో లేదు, ఎప్పుడన్నారో లేదు. చివర్లో "రాశాక ఇంకా బరువుగా ఉంది, మానేద్దామనుకుంటున్నాను" అని ఉంది. మానేయాలనిపించక ఏమవుతుంది? రోజూ రాత్రి కూర్చుని తన మీద తానే చార్జిషీట్ రాసుకోవడం ఎవరికి ఇష్టం?

నోట్‌బుక్ ఏది కొనాలి, పెన్నుతోనా ఫోన్‌లోనా అని ఇంకా అడుగుతున్నారు. ఏదైనా పర్లేదు. నాకు పెన్నే ఇష్టం, ఎందుకంటే కొట్టేసిన మాట కూడా కనిపిస్తూనే ఉంటుంది, చాలాసార్లు అసలు సంగతి అందులోనే దొరుకుతుంది. మీకు ఫోన్ సుఖమైతే ఫోన్‌లో రాసుకోండి. దీని గురించి ఇక చెప్పను.

ఇప్పుడు అసలు చిక్కు. జర్నల్‌లో మనం రాసే వాక్యాలు ప్రధానంగా రెండు రకాలు. ఒకటి జరిగినదాన్ని చెబుతుంది. రెండోది తీర్పు చెబుతుంది. "నేను బద్ధకస్తుణ్ణి", "నాకు ఓపిక తక్కువ", "నేను ఎవరికీ నో చెప్పలేను", ఇవన్నీ తీర్పులు. చూడటానికి లోతుగా ఉంటాయి, నిజాయితీగా ఒప్పుకున్నట్టు ఉంటాయి, రాసిన వెంటనే ఏదో తెలుసుకున్నామన్న తృప్తి కూడా వస్తుంది. నాకు చిరాకు తెప్పించేది ఆ తృప్తే. ఎందుకంటే తీర్పు రాశాక ఇంక అడగడానికి ఏమీ మిగలదు. బద్ధకస్తుణ్ణి అని తేల్చేశాక తర్వాతి వాక్యం ఏం రాస్తారు? "మారాలి" అని రాస్తారు. రేపు మళ్లీ అదే తీర్పు, మళ్లీ అదే "మారాలి". వారం తిరిగేసరికి మీ జర్నల్ మీకే బోర్ కొడుతుంది, రాయడం ఆగిపోతుంది, అప్పుడు "నాకు క్రమశిక్షణ లేదు" అని ఇంకో తీర్పు.

దీన్ని పట్టుకోవడానికి నేను వాడే పరీక్ష ఒకటే. వాక్యానికి వారం, పూట తగిలించి చూడండి. "నేను బద్ధకస్తుణ్ణి" అన్నదానికి ముందు "శనివారం పొద్దున" అని పెడితే అతకదు. "శనివారం పొద్దున అలారం ఆపేసి మళ్లీ పడుకున్నాను, లేచేసరికి పదిన్నర" అంటే చక్కగా అతుకుతుంది. "నేను ఎవరికీ నో చెప్పలేను" అతకదు. "గురువారం సాయంత్రం తన ఫైల్ కూడా చూడమని పక్క సీటు ఆయన అడిగితే సరే అన్నాను, ఇంటికి వచ్చేసరికి రాత్రి తొమ్మిది" అతుకుతుంది. ఇది రాశాక ప్రశ్నలు వాటంతటవే వస్తాయి. అడిగినప్పుడు ముందు ఏమనాలనుకున్నాను? సరే అనడానికి ఎంతసేపు పట్టింది? ఇంకెవరైనా అడిగితే ఏమనేవాణ్ణి? ఆయన తప్ప మిగతావాళ్లకు నో చెబుతూనే ఉన్నానేమో కూడా అప్పుడే బయటపడుతుంది. "ఎవరికీ చెప్పలేను" అన్న తీర్పు అక్కడే చెల్లకుండా పోతుంది.

పొగడ్త కూడా తీర్పే, అది మర్చిపోకండి. "ఈ మధ్య నేను చాలా మారాను" అని రాసినవాళ్లు నలుగురైదుగురు ఉన్నారు. సంతోషమే. ఏ రోజు, ఎవరి దగ్గర, ఏం చేసినప్పుడు మారినట్టు తెలిసింది? అది రాయండి. ఎదుటివాళ్ల గురించి రాసేవి కూడా అంతే. "ఆమెకు నా మీద గౌరవం లేదు" అన్నది మీ తీర్పు. "నేను చెబుతుండగా ఆమె ఫోన్ చూసుకుంది, నేను మధ్యలో ఆపేశాను, ఎందుకు ఆపావని ఆమె అడగలేదు" అన్నది జరిగింది. రెండోది రాసినవాళ్లకు తాము మధ్యలో ఆపేశామన్న సంగతి కూడా కాగితం మీద కనిపిస్తుంది. మొదటిది రాస్తే అది ఎప్పటికీ కనిపించదు.

దీనికి అభ్యంతరం వస్తుందని తెలుసు. అలా అయితే ఇది పోలీసు రిపోర్టులా తయారవదా, నా ఫీలింగ్స్ ఎక్కడ రాయాలి? అక్కడే రాయండి. ఫీలింగ్‌కు కూడా పూట ఉంటుంది. "ఆ మాట వినగానే మొహం వేడెక్కింది, మెట్లు దిగేదాకా అదే తిరుగుతూ ఉంది" అన్నది పరీక్షలో పాసయ్యే వాక్యమే. అసలు రెండూ కలవాలి. 1986లో ప్రచురించిన ఒక ప్రయోగంలో జేమ్స్ పెన్నెబేకర్, సాండ్రా బీల్ అనే మనస్తత్వ పరిశోధకులు విద్యార్థుల చేత వరుసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాలు రాయించారు. కొందరు మామూలు విషయాలు రాశారు. మిగతావాళ్లు జీవితంలో తమను బాగా కుదిపేసిన సంఘటన గురించి రాశారు. వాళ్లలోనూ కొందరు జరిగింది మాత్రమే, కొందరు అనిపించింది మాత్రమే, కొందరు రెండూ కలిపి రాశారు. తర్వాతి నెలల్లో కాలేజీ ఆరోగ్య కేంద్రానికి మిగతావాళ్ల కంటే తక్కువగా వెళ్లింది రెండూ కలిపి రాసినవాళ్లే. ఇంకో సంగతి, రాసిన వెంటనే వాళ్లకు మనసు తేలికపడలేదు, అప్పటికి ఇంకా దిగులుగానే ఉంది. కాబట్టి రాశాక బరువుగా అనిపిస్తే పద్ధతి తప్పిందనుకోకండి. కానీ తట్టుకోలేనంత వస్తే ఆపేసి వేరే విషయం రాయండి, ఆ ప్రశ్నను పూర్తి చేయాలన్న నియమం ఏమీ లేదు. రోజుల తరబడి అలాగే ఉంటే నోట్‌బుక్ సరిపోదు, కౌన్సెలర్ దగ్గరికి వెళ్లాలి.

ఇక నాలుగో పాఠం ప్రశ్నలో రెండో సగం, ఆ "ఎందుకు". దాని మీద నాకు పెద్దగా నమ్మకం లేదు. మన ప్రవర్తనకు కారణాలు మనకు తెలుసనుకుంటాం. 1977లో రిచర్డ్ నిస్బెట్, తిమోతీ విల్సన్ అనే మనస్తత్వ పరిశోధకులు ప్రచురించిన పరిశోధనా వ్యాసంలో ఒక ప్రయోగం ఉంది. నాలుగు జతల మేజోళ్లు వరుసగా పెట్టి, వాటిలో మేలైనది ఏదో చెప్పమన్నారు. నాలుగూ అచ్చంగా ఒకటే రకం. అయినా కుడివైపు చివర ఉన్న జతనే జనం చాలా ఎక్కువగా ఎంచుకున్నారు. కారణం అడిగితే నేత బాగుందనో, నాణ్యత బాగుందనో చెప్పారు. కుడివైపు ఉందని అన్నవాళ్లు ఒక్కరూ లేరు. వాళ్లేమీ అబద్ధం ఆడలేదు. మేజోళ్ల విషయంలోనే ఇలా ఉంటే, మీ కోపానికి కారణం రాత్రి పదింటికి, నిద్ర ముంచుకొస్తుండగా, రెండు నిమిషాల్లో దొరుకుతుందా? దొరికేది నమ్మదగ్గ కథ. అందుకే ఆ సగాన్ని చివరికి ఉంచాను. జరిగింది పూర్తిగా రాశాక మిగిలితే రాయండి, "బహుశా" అని మొదలుపెట్టండి.

బజారులో, నెట్‌లో దొరికే ప్రాంప్ట్‌లు ఎక్కువగా తీర్పునే అడుగుతాయి, కాబట్టి వాటిని మార్చుకోవడం నేర్చుకోవాలి. "నా బలహీనతలు ఏమిటి?" అని ఉంటే దాన్ని "ఈ వారం ఏ పనిని పదే పదే వాయిదా వేశాను, ఆ సమయంలో దాని బదులు ఏం చేశాను?" అని మార్చండి. "నాకు కోపం ఎందుకు వస్తుంది?" అన్నదాన్ని "చివరిసారి గొంతు పెంచింది ఎప్పుడు, దానికి ముందు పది నిమిషాల్లో ఏం జరిగింది?" అని. ఈ పది నిమిషాల ప్రశ్న నాకు చాలా ఇష్టం. కోపం తెప్పించిన మనిషి కాకుండా అంతకుముందు వచ్చిన ఫోనో, ఆకలో, వెతికినా దొరకని తాళమో అందులో బయటపడుతుంది. "దేనికి కృతజ్ఞతగా ఉన్నాను?" అంటే అందరూ కుటుంబం, ఆరోగ్యం, స్నేహితులు అని మూడు మాటలు రాసి నోట్‌బుక్ మూసేస్తారు. దాని బదులు "నిన్న నా పని ఎవరు తేలిక చేశారు, సరిగ్గా ఏం చేశారు?" అని అడగండి. "అయిదేళ్ల తర్వాత నేను ఎక్కడ ఉండాలి?" అన్నదాన్ని మార్చే పద్ధతి నా దగ్గర లేదు, ఆ ప్రశ్నే నాకు పడదు. వదిలేయండి.

విషయం ఇంకా వేడిగా ఉండి, పెన్ను పట్టగానే చెయ్యి వణికేలా ఉంటే, "నేను" బదులు మీ పేరు పెట్టి, వేరే మనిషి గురించి రాసినట్టు రాయండి. ఈథన్ క్రాస్, ఓజ్లెమ్ ఐడుక్ అనే పరిశోధకులు ఇలా కొంచెం దూరం జరిగి చూడటం గురించి చాలా పని చేశారు. ఆ దూరంలో జరిగినదాన్ని మళ్లీ మళ్లీ అనుభవించి కుమిలిపోవడం తగ్గుతుంది. మొదటి రెండు వాక్యాలకు నవ్వొస్తుంది. మూడో వాక్యం నుంచి పని చేస్తుంది.

మధ్యలో రోజులు తప్పినవాళ్లకు: మళ్లీ ఒకటో రోజు నుంచి లెక్క మొదలుపెట్టకండి. 21 రోజులు చేస్తే అలవాటవుతుందన్న మాట ఒక ప్లాస్టిక్ సర్జన్ నుంచి వచ్చింది. మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ఆయన, రోగులు మారిన తమ మొహానికి అలవాటు పడటానికి కనీసం 21 రోజులు పడుతోందని 1960లో రాశారు. జర్నల్‌కు దానికి సంబంధం లేదు. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిపా లాలీ బృందం 96 మందిని గమనించి 2009లో చెప్పినదాని ప్రకారం, కొత్త అలవాటు ఆలోచించకుండా జరిగిపోయే స్థితికి రావడానికి సగటున 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా తేడా ఉంది. అవి తిండికి, నీళ్లు తాగడానికి, వ్యాయామానికి సంబంధించిన అలవాట్లు, రాయడం కాదు. అయినా మనకు పనికొచ్చే ముక్క ఒకటుంది: ఒక రోజు తప్పినంత మాత్రాన పెద్ద తేడా రాలేదు. తప్పిన రోజుకు బదులుగా మర్నాడు రెండు పేజీలు రాయకండి, అలా చేసినవాళ్లే మూడో రోజు మానేస్తున్నారు. రోజూ ఎలాగూ చేసే పని ఒకదానికి రాయడాన్ని తగిలించండి, పళ్లు తోముకున్నాక అనో, అలారం పెట్టుకున్నాక అనో. "వీలున్నప్పుడు" అని పెట్టుకుంటే ఆ వీలు దొరకదు.

అభ్యాసం. ఈసారి కొంచెం కష్టంగానే ఉంటుంది, కావాలనే అలా ఇస్తున్నాను. ఏడు రోజులు ఒకటే ప్రశ్న, మార్చకూడదు: ఈరోజు అనాలనుకుని అనని మాట ఏది, ఎవరి ముందు ఆగిపోయాను, దాని బదులు ఏమన్నాను? రోజుకు పది నిమిషాలు, అరపేజీ దాటొద్దు. పాత పేజీలు తిప్పి చూడొద్దు. నాలుగో రోజుకు రాయడానికి ఏమీ లేదనిపిస్తుంది. అప్పుడు ఆ రోజు మాట్లాడిన మనుషులందరి పేర్లు వరుసగా రాసుకుని ఒక్కొక్కరి దగ్గర ఆగండి, దొరుకుతుంది.

ఎనిమిదో రోజు కొత్తగా ఏమీ రాయకూడదు. వేరే రంగు పెన్ను తీసుకుని ఏడు రోజులవీ మొదటి నుంచి చదవండి. వారం, పూట అతకని ప్రతి వాక్యం కింద గీత గీయండి. గీత పడిన ప్రతిదాన్నీ పక్కనే, జరిగిన సంగతిగా తిరగరాయండి. ఏ సంఘటనా గుర్తు రాకపోతే ఆ వాక్యాన్ని కొట్టేయండి, ఎంత నిజమనిపించినా సరే. దీనికి గంట పైనే పడుతుంది. పనిలో పనిగా మూడు సార్ల కంటే ఎక్కువ కనిపించిన మనిషి ఎవరో చూసి, ఆ మనిషికి సంబంధించి మీకు మీరే వేసుకునే ప్రశ్న ఒకటి తయారు చేయండి, పరీక్షలో పాసయ్యేలా. ఆ ప్రశ్న మాత్రమే నాకు పంపండి, జవాబులు మీ దగ్గరే ఉంచుకోండి. ఆరో పాఠం వాటితోనే మొదలవుతుంది, పొద్దున, రాత్రి గొడవ కూడా అందులోనే చూద్దాం.